సెల్వకుమార్ పేరు మీద నలభై ఒకటి

సెల్వకుమార్ చచ్చిపోయి పద్నాలుగు నెలలైంది. అతను పంపిన ఆఖరి ప్యాచ్ పోయిన మంగళవారం చేరింది.

ఇందులో దయ్యాల సంగతేమీ లేదు. పంపింది అతని చెల్లెలు సోఫియా. అన్న ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, అన్న పేరుతో, పొద్దున తిరుత్తణి లోకల్లో కూర్చుని పంపింది. అరక్కోణం దాటాక సిగ్నల్ అందింది, మోసూరు వచ్చేలోపల పని అయిపోయింది. మధ్యాహ్నం తిరువళ్ళూరులో అన్నం డబ్బా మూత తీస్తుంటే పోర్చుగల్ నుంచి ఇనేస్ అనే ఆవిడ జవాబు వచ్చింది. "చక్కగా ఉంది సెల్వా, ఎప్పటిలాగే. మీ ఊళ్ళో మామిడికాయలు వచ్చేశాయా?"

సోఫియా ఎడమచేత్తో "వచ్చాయి, ఇంకా పులుపే" అని కొట్టి పంపింది. మొదట్లో ఇలాంటి జవాబు ఇవ్వడానికి ఒక పూట పట్టేది. ఇప్పుడు నిమిషం చాలు. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడంటారే, అదేదో గొప్ప గుణమన్నట్టు చెబుతారు గానీ, సోఫియా విషయంలో మటుకు అది కొంప ముంచింది.

అసలు ఆ పక్క ఊళ్ళలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు అంత తొందరగా పోవు. తిరుత్తణిలో వాళ్ళ ఇంటి కరెంటు కార్డు ఇప్పటికీ సోఫియా తాత ఏసుపాదం పేరు మీదే ఉంది. ఆయన పోయి పందొమ్మిదేళ్ళు. రెండు నెలలకోసారి మీటరు చూసే మనిషి గుమ్మం ముందు నిలబడి "ఏసుపాదం!" అని కేకేస్తాడు. లోపలి నుంచి సోఫియా తండ్రి తంగరాజు "ఆఁ, ఉండాం" అని పలుకుతాడు. గ్యాసు సిలిండరు నాయనమ్మ పేరు మీద వస్తుంది. ఆ మహాతల్లి బతికున్నన్నాళ్ళూ కట్టెల పొయ్యి తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. సోఫియా తల్లి సంగతి ఇంకో రకం. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషివి, అలిమేలమ్మ ఏమిటి, మంచి బైబిలు పేరు పెడతాను అని పాస్టరు ఎన్నిసార్లు అన్నా ఆమె ఒప్పుకోలేదు. పెట్టిన పేరు పెట్టినట్టు ఉండాల్సిందే.

సోఫియా ఉద్యోగం చూడబోతే పేర్లు మార్చడమే. తిరువళ్ళూరు కలెక్టరాఫీసు దారిలో ఉన్న ఇ-సేవై సెంటర్లో ఆమె రెండో కౌంటరు. మరణ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు, కరెంటు కార్డులో పేరు మార్పు, రేషను కార్డులోంచి పేరు తీసివేత. జనం ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టి తెచ్చే కాగితాల్ని స్కాన్ చేసి ప్రభుత్వం సైటులోకి ఎక్కించాలి. ఒక్కో కాగితం ఫైలు రెండు వందల కేబీ దాటితే ఆ సైటు తీసుకోదు. అంత చిన్నది చేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. అలుక్కుపోతే పైన ఆఫీసులో కూర్చున్నవాళ్ళు "స్పష్టంగా లేదు" అని తిప్పి కొడతారు. పాపం జనం మళ్ళీ బస్సెక్కి రావాలి.

ఈ బాధ చూడలేకే సెల్వకుమార్ ఈ పనిలోకి దిగాడు. సెంటర్లో కైట్‌స్కాన్ అనే ప్రోగ్రాము వాడేవాళ్ళు. ఎవరి సొత్తూ కాదు, ఉచితం. దాని లోపలి కోడు ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. అలా పంపే అతుకునే ప్యాచ్ అంటారు. "ఇదిగో ఇక్కడ ఇలా మారిస్తే బాగుంటుంది, కలుపుకుంటారా?" అని అడగడం. ఆ ప్రోగ్రామును చూసుకునే ఇనేస్ లాంటివాళ్ళు చదివి, నచ్చితే కలుపుకుంటారు, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెబుతారు. సెల్వ చదివింది బీఎస్సీ కంప్యూటర్, చేసేది కాక్కలూరు ఎస్టేటులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు. ప్లస్ టూలో ప్రభుత్వం ఊరికే ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పొద్దున ఒకే రైలెక్కి తిరువళ్ళూరులో దిగేవాళ్ళు. ఆ గంటా పావు ప్రయాణమే అతని ఆఫీసు.

పాత రేషను కార్డు అక్షరాలు అలుక్కుపోకుండా ఫైలును చిన్నది చేసే ఉపాయం అతను కనిపెట్టాడు. మూడుసార్లు తిరగ్గొట్టించుకుని, నాలుగోసారి కలిపించుకున్నాడు. ఆ రోజు తిరువళ్ళూరు ప్లాట్‌ఫారం మీద చెల్లెలికి బాదంపాలు ఇప్పించాడు. కైట్‌స్కాన్‌కి పనిచేసినవాళ్ళ పట్టీలో అతని పేరెక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో, చివర తండ్రి ఇనిషియల్‌తో, సెల్వకుమార్ టి.

చెల్లెలికి గిట్ నేర్పింది కూడా ఆ రైల్లోనే. గిట్ అంటే ఒక నోట్‌బుక్కు అనుకోవచ్చు. ఏ వరుస ఎవరు మార్చారు, ఏ రోజు, ఎందుకు, అన్నీ అందులో ఉంటాయి. కొట్టివేతలు కుదరవు. రాసింది తప్పయితే "దాన్ని తీసేస్తున్నాను" అని కింద ఇంకో వరుస రాయాలి, పాత వరుస అక్కడే ఉంటుంది. పేరు మాత్రం ల్యాప్‌టాప్‌కి మొదటి రోజు ఒక్కసారి చెబితే చాలు. తర్వాత దాని ముందు ఎవరు కూర్చున్నా అదే పేరు వేసుకుంటూ పోతుంది. ప్రతి ప్యాచ్ అడుగునా ఒక సంతకం వరుస కూడా వేస్తుంది. ఇది నేనే రాశాను, నా సొంత పేరుతో ఇస్తున్నాను అని దాని అర్థం.

"ఏం మార్చినావో రాయొద్దు పాపా, అది కోడు చూస్తే తెలస్తాది," అనేవాడు సెల్వ. "ఎందుకు మార్చినావో రాయి. పదేండ్ల తర్వాత ఎవుడో ఒకడు చదవతాడు. మనం యాడ ఉండామో, ఉండామో లేదో కూడా వానికి తెలీదు. వానికి అర్థం కావల్ల."

ఓవర్‌టైం చేసిన మర్నాడు అతను కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాడు. "నువ్వే కొట్టి పంపించు పాపా, నాకు కండ్లు పడతా ఉండాయి" అనేవాడు. సోఫియా పంపించేది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక గురువారం అతనికి రైలు తప్పిపోయింది. ల్యాప్‌టాప్ సంచి ముందే ఎక్కేసిన చెల్లెలి దగ్గర ఉంది. స్నేహితుడి బండి వెనక కూర్చుని హైవే మీద వస్తున్నాడు. పట్టరైపెరుంబుదూరు దగ్గర లారీ. సోఫియా కౌంటర్లో ఎవరిదో మరణ సర్టిఫికెట్టు స్కాన్ చేస్తుండగా ఫోనొచ్చింది. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. చెప్పినా ఎవరికీ ఉపయోగం లేదు.

చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూటమి అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. ఒకరోజు సోఫియా ల్యాప్‌టాప్ తెరిచింది. అన్న సగంలో వదిలిన ప్యాచ్ ఒకటి కనిపించింది. "బాగుంది సెల్వా, ఒక్క పరీక్ష రాసి జతచేస్తే కలిపేస్తాను" అని ఇనేస్ రాసి ఇరవై ఆరు రోజులైంది. ముప్పై రోజులు కదలిక లేకపోతే అది తనంతట తానే మూసుకుపోతుంది. ఇంకా నాలుగు రోజులు. అన్న చేసిన ఆఖరి పని చెత్తబుట్టలో పడిపోవడం ఆమెకి ప్రాణం ఒప్పలేదు. నాలుగు రోజులు కిందా మీదా పడి, కోడు సరిగా పనిచేస్తోందో లేదో చూసే ఆ పరీక్ష ముక్క రాసింది, పంపింది. ల్యాప్‌టాప్ తనకి తెలిసిన పేరే వేసింది. ఇనేస్ కలుపుకుంది. "స్వాగతం సెల్వా, ఎక్కడికెళ్ళిపోయావు?" అంది.

ఆ మాటకి ఏం జవాబివ్వాలో తెలియక తండ్రికి చూపించింది.

"అన్న పేరుతోనే పోయింది నాయినా. తప్పు గదా?"

తంగరాజు చాలాసేపు ఆ తెరవైపు చూశాడు. చదవడం రాక కాదు. "కరెంటు కార్డు మీ తాత పేరుతోనే గదా ఉండేది," అన్నాడు. "ఏమన్నా ఆగిపోయిందా? ఉండనీ పాపా."

సోఫియా ఉండనిచ్చింది. రోజుకు నలభై మంది చేత పేర్లు మార్పించే మనిషి, తన ఇంట్లో ఆ ఒక్క పేరును ఉండనిచ్చింది. "రైలు లేటు" అని ఇనేస్‌కి రాసింది.

ఒకటి రెండైంది, రెండు ఐదయ్యాయి. అన్న వదిలిన పనులు అయిపోయాక తనే కొత్తవి వెతుక్కుంది. వంకరగా పడిన కాగితాన్ని తిన్నగా తిప్పడం, రబ్బరు స్టాంపు నీలం రంగు అక్షరాల మీద పడితే విడదీయడం. కౌంటర్లో తనకేది అడ్డమొస్తే అది. పద్నాలుగు నెలల్లో ఇరవై మూడు ప్యాచ్‌లు. అన్నవి పద్దెనిమిది. ఆమె అన్నను మించిపోయిందన్న సంగతి ప్రపంచంలో ఆమెకొక్కదానికే తెలుసు.

ఆదివారం చర్చి నుంచి రాగానే అలిమేలమ్మ చీర కూడా మార్చుకోకుండా వచ్చి పక్కన కూర్చునేది. ఆమెకి ఏ భాషా చదవడం రాదు. కొడుకు పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో మాత్రం గుర్తుపట్టడం నేర్చుకుంది. మొదట్లో పాములా మెలిక తిరిగిన అక్షరం, చివర్లో కరెంటు స్తంభం.

"ఇంకా వస్తా ఉండాదా వాడి పేరు?"

"వస్తా ఉండాది మా. ఇదో చూడు."

అలిమేలమ్మ వేలితో పామును, స్తంభాన్ని తాకి, ఆ వేలు కళ్ళకద్దుకుని లోపలికి పోయేది. ఆ ఇంట్లో ఆదివారం అన్నం దిగేది ఆ తర్వాతే.

మామిడికాయల సంగతి అడిగిన రెండు రోజులకి ఇనేస్ నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. సెల్వ ఇంతకాలంగా ఓపిగ్గా చేస్తున్న పని చూసి, అతన్ని తమలో ఒకడిగా చేర్చుకోవాలనుకుంటున్నారట. ఇకమీదట వేరేవాళ్ళ ప్యాచ్‌లు చదివి కలిపే అధికారం అతనికీ ఉంటుంది. ఒక్కటే ఆనవాయితీ. కొత్తగా చేరేవాళ్ళు పావుగంట వీడియోలో కనిపించి పలకరించాలి. వచ్చే శనివారం కుదురుతుందా అని అడిగింది. "ఇన్నేళ్ళుగా నీ ముఖం చూడలేదు సెల్వా" అని చివర్లో ఉంది.

సోఫియా ఆ వరుస చదివి ల్యాప్‌టాప్ మూసేసింది. కడంబత్తూరు నుంచి తిరువళ్ళూరు దాకా మళ్ళీ తెరవలేదు.

ఆ రోజే కౌంటరు ముందుకి గోపాలన్ అనే ముసలాయన వచ్చాడు. మిల్లులో వాచ్‌మన్‌గా చేసి మానేసిన మనిషి. కరెంటు కార్డు చచ్చిపోయిన తమ్ముడి పేరు మీద ఉందట, తన పేరుకి మార్చుకోవాలట. తమ్ముడి మరణ సర్టిఫికెట్టు చూస్తే ఎనిమిదేళ్ళ నాటిది.

"ఇన్ని దినాలు ఏం చేస్తా ఉండినారయ్యా?" అని సోఫియా కసిరింది. ఆ రోజు ఆమెకి అందరి మీదా కోపంగానే ఉంది.

"సుమ్మానే, ఊరికే ఉండినాను," అన్నాడు గోపాలన్. "మారిస్తే వాడు పోయినాడని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు గదమ్మా. మీటరాయన వచ్చి వాడి పేరు పెట్టి పిలస్తాడు. రెండు నెలలకొకసారన్నా ఎవురో ఒకరు పిలస్తా ఉండారు."

"మరి ఇప్పుడెందుకు వచ్చినారు?"

"కొత్త మీటర్లంట గదా. మనిషి రానే రాడంట. ఇంక పిలిచేదానికి ఎవురుండారు?"

సోఫియా సర్టిఫికెట్టు స్కాన్ చేసింది. నూట తొంభై కేబీలో తమ్ముడి పేరు ఒక్క గీతైనా చెరగకుండా వచ్చింది. అది సెల్వ చేతి పని. పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేసే చోట వేలు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టండయ్యా" అంది. ముసలాయన పెట్టాడు. పెట్టేటప్పుడు పెన్ను పట్టుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పింది. తంగరాజుకి ఇందులో చిక్కేమీ కనబడలేదు. "పనెక్కువగా ఉండాది, కుదరదు అని రాసేయ్. ఉండేది ఉండనీ" అన్నాడు. అలిమేలమ్మ ఆరంబాక్కంలో చెల్లెలి ఇంటికి పోవడానికి బట్టలు సర్దుకుంటోంది. ఆమెకి వినపడినది ఒక్కటే. "వాడి ముఖం చూడాలని అడగతా ఉండారా? పావం" అంది. మడత పెట్టిన చీరనే మళ్ళీ విప్పి మడత పెట్టింది.

తండ్రి చెప్పినట్టు చేసి ఉంటే ఏ గొడవా లేకపోయేది. సోఫియా చెయ్యలేకపోయింది. ముసలాయన చేత నిజమని సంతకం పెట్టించిన వేలితో ఇంకో అబద్ధం కొట్టడానికి మనసు రాలేదు. అదొక్కటే కారణమైతే ఆమె తర్వాత అంత ఏడ్చి ఉండేది కాదు. ఇంకొకటి ఉంది. ఆ ఉత్తరంలో మెచ్చుకున్న పనిలో సగానికి పైగా తనది. ఒక్కసారి, ఒక్క వరుసలో, తన పేరు కూడా కనబడితే బాగుండునని ఆమెకి ఆశ పుట్టింది. ఆశ పుట్టిన క్షణమే సిగ్గు కూడా వేసింది. అయినా ఆశ పోలేదు.

వీడియోకి బదులు శనివారం మధ్యాహ్నం కూర్చుని ఉత్తరం రాసింది. నా పేరు సోఫియా. సెల్వకుమార్ మా అన్న. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ఇరవై మూడూ నేను రాసినవి. మీకు చెప్పకపోవడం నా తప్పు. మరణ సర్టిఫికెట్టు జతచేసింది. కైట్‌స్కాన్‌లోనే స్కాన్ చేసింది, అన్న పేరు ముత్యంలా వచ్చింది.

అక్కడితో ఆపేయాల్సింది. కానీ ఇ-సేవైలో పనిచేసే మనిషికి ఒక రోగం ఉంటుంది, ఏ గడీ ఖాళీగా వదలలేరు. సగం నిజం రాస్తే దరఖాస్తు తిరిగొస్తుందని ఎందరికో చెప్పిన నోరు అది. అందుకని ఇంకో వరుస కలిపింది. అన్న బతికుండగా వచ్చినవాటిలో కూడా మూడో నాలుగో, ఆయన రైల్లో నిద్రపోతుంటే నేను రాసి పంపాను, ఏవేవో చెప్పగలను. ఇప్పుడు అన్న పేరు కింద తన పేరు కూడా వేస్తారని, మహా అయితే నాలుగు చీవాట్లు పెడతారని అనుకుంది.

మర్నాడు ఇనేస్ ఒక్కత్తే చిన్న ఉత్తరం రాసింది. చనిపోయి ఏడాది దాటిన మనిషిని మామిడికాయల గురించి అడిగానా అని ఏడ్చానంది. ఇంకేం రాయాలో తెలియడం లేదంది. ఆ తర్వాత రెండు రోజులకి ప్రోగ్రామును చూసుకునే ముగ్గురి పేర్లతో అసలు ఉత్తరం వచ్చింది. మర్యాదగా ఉంది, చదివి కోపం తెచ్చుకునేందుకు కూడా వీల్లేనంత మర్యాదగా. ప్రతి ప్యాచ్ అడుగునా సొంత పేరుతో ఇస్తున్నానన్న సంతకం ఉండాలన్నది తమ మొదటి నియమం. ఇరవై మూడింటి మీద బతికిలేని మనిషి సంతకం ఉంది. వాటిని ఉంచలేరు. సోఫియా కావాలంటే తనవాటిని తన పేరుతో మళ్ళీ పంపుకోవచ్చు.

మిగిలిన పద్దెనిమిదీ కూడా ఉంచలేమన్నారు. వాటిలో ఏవి ఎవరివో తెలియదు. గిట్‌ని అడిగితే అన్నీ సెల్వకుమార్‌వే అంటుంది. "ఏవి మీ అన్నవో మీరు చెబుతామంటున్నారు. పద్నాలుగు నెలలుగా మీరు చెప్పిన ప్రతి మాటా మేం నమ్మాం" అని రాశారు.

సోఫియా ఆ వరుస దగ్గర ఆగిపోయింది. అది తిట్టు కాదు, అదే ఆమెకి తగిలింది. అయినా ఊరుకోలేదు. వారసుల సర్టిఫికెట్టు పంపింది. తండ్రి చేత సంతకం పెట్టించి, చనిపోయినవాళ్ళ బదులు వారసులు రాసివ్వొచ్చు గదా అని అడిగింది. నావన్నీ తీసేయండి, నా పేరు ఎక్కడా వద్దు, అన్నవి ఉంచండి అని బతిమాలింది. మీరు అతని వారసులని మాకు అనుమానం లేదు, అతను రాసినవి ఏవన్నదే మా అనుమానం అని జవాబొచ్చింది. ఆ మాటకి ఇ-సేవైలో ఇచ్చే సర్టిఫికెట్టేదీ లేదు.

ఆ శుక్రవారం ఇనేస్ తనే కూర్చుని ఒక్కొక్కటిగా తీసేసింది. ఒకే దెబ్బకి తీసేయొచ్చు, ఆవిడ అలా చేయలేదు. పట్టీలోంచి పేరు పోయింది. సర్టిఫికెట్టు చూసినవాళ్ళు అన్న ఖాతాను మూసేశారు. అతని ఫొటో ఉండే చోట బూడిద రంగు బొమ్మ వచ్చింది, ముఖం లేకుండా.

సోఫియా ఆ సాయంత్రం రైల్లో ల్యాప్‌టాప్‌లో పేరు మార్చే చోటికి వెళ్ళింది. అన్న పేరు పక్కన తన పేరు కొట్టి చూసుకుంది. చాలా చిన్నగా, దొంగతనం చేసినట్టుగా కనిపించింది. చెరిపేసింది. దాని కోసమే గదా ఇదంతా చేశావు అని తనని తానే అడుక్కుంది. కాదని చెప్పుకోవడానికి నోరు రాలేదు. పక్క సీటు ఖాళీగానే ఉన్నా కిటికీ వైపు జరగలేదు. అది అన్న తల ఆనించే చోటు.

సోమవారం సెంటరు కంప్యూటర్లలోకి సెల్వ ఉపాయం లేని కొత్త కైట్‌స్కాన్ దిగింది. బుధవారం గోపాలన్ మళ్ళీ వచ్చాడు. ఇంకేదో కాగితం కావాలని ఆఫీసువాళ్ళు అడిగితే తమ్ముడి పాత రేషను కార్డు తెచ్చాడు. సోఫియా మూడుసార్లు స్కాన్ చేసింది. మూడుసార్లూ పేరున్న చోట మసకమసకగా, తడిసి ఎండినట్టు వచ్చింది. పాత కైట్‌స్కాన్ ఎక్కించమని అడుగుదామంటే సెంటరు ఓనరు విమల్ ఆ కంప్యూటర్లలో ఏదీ మార్చనివ్వడు. అయినా పంపి చూసింది. మర్నాటికల్లా "స్పష్టంగా లేదు" అని తిరిగొచ్చింది.

"మళ్ళా రావల్నా?" అని ఫోన్లో అడిగాడు ముసలాయన.

"రావల్లయ్యా. నా తప్పే."

"పరవాలేదమ్మా. ఇంకా కొన్ని దినాలు వాడి పేరే ఉండనీ" అన్నాడు. గొంతులో చిన్న సంతోషం వినబడింది. సోఫియా ఫోను పెట్టేసి బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఆదివారం అలిమేలమ్మ ఆరంబాక్కం నుంచి దిగింది. చెల్లెలిచ్చిన ఎండుచేపల పొట్లం వంటింట్లో పడేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి కూతురి పక్కన కూర్చుంది. తంగరాజు అంతకు ముందే చెప్పాడు, అమ్మకి తెలీనీయొద్దని. ఆయన గడపలో నిలబడి ఉన్నాడు.

"మూడు వారాలాయె పాపా చూసి. వస్తా ఉండాదా వాడి పేరు?"

సోఫియా ఏదో సాకు చెబుదామనుకుంది. కానీ తల్లి అప్పటికే ల్యాప్‌టాప్ మూత ఎత్తేసింది. తెర మీద శుక్రవారం నాటి పేజీ అలాగే తెరిచి ఉంది. గిట్‌లో కొట్టివేతలు ఉండవు గదా. తీసేసిన ప్రతిదానికీ ఇనేస్ ఒక కొత్త వరుస రాసింది. ఇది తీసివేశాం, రాసినది సెల్వకుమార్ టి. మళ్ళీ కింద, ఇది తీసివేశాం, రాసినది సెల్వకుమార్ టి. పై నుంచి కింది దాకా అవే వరుసలు.

అలిమేలమ్మ తెర దగ్గరికి వంగింది. పాము, స్తంభం. దాని కింద పాము, స్తంభం. ఆమె వేలు ఒక్కో వరుస దిగుతూ పోయింది, సోఫియా పేజీ జరుపుతూ పోయింది, అవి అయిపోవడం లేదు.

"ఓరి దేవుడా," అంది అలిమేలమ్మ. "ఇన్నిసార్లా? ఎప్పుడూ ఒకటో రెండో గదా ఉండేది. ఎన్ని ఉండాయి పాపా?"

"నలభై ఒకటి మా."

"ఏమని రాసిండారు?"

గడపలో తంగరాజు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. సోఫియా పేజీని మళ్ళీ పైకి జరిపింది. "అన్న చేసిన పనులన్నీ... ఒక్కొక్కదానికీ అన్న పేరు పెట్టి రాసిండారు మా."

అలిమేలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ చూడని నవ్వు ఒకటి ఆమె ముఖం మీదికి వచ్చింది. "యాడో దేశంలో ఉండేవాళ్ళు, వాళ్ళకి ఎంత నన్రి చూడు," అంది. నన్రి అంటే కృతజ్ఞత, మంచి మాటేదైనా ఆమెకి అరవంలోనే వచ్చేది. "రేపు సెంటర్లో దీన్ని ప్రింటు తీసుకోని రా పాపా. వాడి ఫొటో పక్కన పెట్టుకుంటాను."

సోఫియా తల ఊపింది.

"ల్యామినేషను కూడా వేయించు," అంది అలిమేలమ్మ లేస్తూ. "లేకపోతే చెరిగిపోతాది."

"సరే మా," అంది సోఫియా.